శని, ఆదివారాలు గ్రౌండ్‌లోనే గడిచిపోతుంటే

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ముందు చెప్తాను. పాపకి 11 ఏళ్ళు, స్విమ్మింగ్. బాబుకి 8, ఫుట్‌బాల్. మీరూ మీవారూ ఇద్దరూ ఉద్యోగాల్లో ఉన్నారు. శని, ఆదివారాలు ఒకరు పూల్ దగ్గర, ఇంకొకరు గ్రౌండ్ దగ్గర. సాయంత్రం ఇల్లు చేరేసరికి ఒకరి మీద ఒకరికి విసుగు. మధ్యమధ్యలో ఆఫీసు ఫోన్లు. వచ్చే నెల పాప టోర్నమెంటూ మీ ప్రాజెక్టు రిలీజూ ఒకే శనివారం పడ్డాయి. "ఎవరికీ న్యాయం చేయలేకపోతున్నాను, ఒకరి ఆట మాన్పించెయ్యనా?" అని అడిగారు.

నాకూ ఇద్దరు పిల్లలు, ఇప్పుడు పెద్దవాళ్ళయిపోయారు. మావాడు పదేళ్ళు ఫుట్‌బాల్ ఆడాడు. అమ్మాయి మూడు ఆటలు మార్చింది. నేను చేసింది సాఫ్ట్‌వేర్ సపోర్ట్ ఉద్యోగం, శనివారం ఫోన్ మోగడం అందులో భాగమే. దానికి తోడు ఆరేళ్ళు పిల్లల జట్టుకి మేనేజర్‌గా చేశాను. పేరు గొప్ప, పని మాత్రం జెర్సీలు లెక్కపెట్టడం, రానివాళ్ళ ఇళ్ళకి ఫోన్లు చేయడం. ఆ అనుభవంతో చెప్తున్నాను, మాన్పించే మాట కాసేపు పక్కన పెట్టండి. శుక్రవారం రాత్రిదాకా ఏదీ తేల్చకపోవడం, తేల్చినవాటిని సగం సగం చేయడం, నాకు తెలిసిన చాలా ఇళ్ళలో వారాంతాన్ని తినేసేవి ఈ రెండే. మా ఇంట్లోనూ అంతే.

సగం సగం అంటే ఏమిటో చెప్తాను. మావాడికి తొమ్మిదేళ్ళప్పుడు, మ్యాచ్ జరుగుతుండగా ఆఫీసు నుంచి కాల్ వచ్చింది. కార్లో కూర్చుని, వినాల్సినప్పుడు మ్యూట్‌లో పెట్టి, అద్దంలోంచి గ్రౌండ్ వైపు చూస్తున్నాను. ఒక్కసారిగా అందరూ అరిచారు. తలెత్తి చూస్తే పిల్లలందరూ మావాడి చుట్టూ మూగి ఉన్నారు. కార్లోంచే చప్పట్లు కొట్టాను. ఇంటికెళ్తుంటే వెనక సీట్లోంచి అడిగాడు, "నాన్నా, ఎడమ కాలితో కొట్టాను కదా, చూశావా?" "చూడకపోవడమేంటి, అదిరిపోయింది" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా అన్నాడు, "కుడి కాలితో కొట్టాను."

ఏడవలేదు, అలగలేదు. బూట్ల లేసులు విప్పుకుంటూ కూర్చున్నాడు. అసలు వెళ్ళకపోయినా బాగుండేదే అని ఆ రోజు నాకనిపించింది. వెళ్ళకపోతే "నాన్నకి ఆఫీసు పనుంది" అని వాడికో సమాధానం ఉండేది. వచ్చి కూడా చూడకపోతే ఏమనుకోవాలో తొమ్మిదేళ్ళవాడికి ఎలా తెలుస్తుంది?

అప్పటినుంచి వెళ్తే పూర్తిగా వెళ్ళడం, వెళ్ళలేకపోతే ఆ సంగతి ముందే చెప్పడం అలవాటు చేసుకున్నాను. నెలకి నాలుగు మ్యాచ్‌లుంటే రెండే చూసేవాణ్ణి. ఏ రెండో వాడే చెప్పేవాడు. పెద్ద మ్యాచ్‌లకి రమ్మంటాడనుకున్నాను, కానీ ఎప్పుడూ అవి కోరలేదు. తను మొదటినుంచీ ఆడతానని నమ్మకమున్న మ్యాచ్‌లకే పిలిచేవాడు. ఒకసారి ఫైనల్‌కి రావద్దన్నాడు, నేనుంటే టెన్షన్ వస్తుందట. కాబట్టి మీరు వెళ్ళలేకపోయానని బాధపడుతున్న మ్యాచ్‌ల్లో ఎన్నిటికి పిల్లలు మిమ్మల్ని కోరి రమ్మన్నారో ఒకసారి అడిగి చూడండి. అన్నిటికీ రావాల్సిందే అనే పిల్లలూ ఉంటారు, కాదనను. కానీ అడగకుండా మనమే మోసే బరువు చాలా ఉంటుంది.

ఇక లెక్క. మనం "శనివారం బాబుకి గంట మ్యాచ్ ఉంది" అంటాం. మేనేజర్‌గా ఉన్నప్పుడు ఒకసారి కూర్చుని ఆ గంటని విడదీశాను. కిట్ సర్దడం, వెతకడం 20 నిమిషాలు. ప్రయాణం 40. కోచ్ ముందుగా రమ్మన్నది 45. మ్యాచ్ 60. అయ్యాక కబుర్లు, ఫోటోలు 20. తిరుగు ప్రయాణం 40. స్నానం, బురద బట్టలు నానబెట్టడం 30. మొత్తం 4 గంటల 15 నిమిషాలు. గంట పని అనుకుని మిగతా శనివారాన్ని ఇంటి పనులతో నింపేస్తే సాయంత్రానికి అందరికీ చిరాకు రాక ఏం వస్తుంది? స్విమ్మింగ్ పోటీలు ఇంకా ఘోరం. పాప నీళ్ళలో ఉండేది మొత్తం కలిపి ఐదు నిమిషాలైనా, పూల్ ఒడ్డున పూటంతా కూర్చోవాలి. మీ ఇంటి లెక్క మీరే వేసుకోండి, నా అంకెలు మీకు సరిపోవు. వేసిన కాగితం మాత్రం మీవారికి చూపించండి. చాలా వాదనలు అక్కడే సగం చల్లారతాయి, ఎందుకంటే తను ఎంత చేస్తున్నదీ ఇద్దరికీ తెలుసు, అవతలివాళ్ళు ఎంత చేస్తున్నదీ మాత్రం ఇద్దరికీ తెలియదు.

అది నాకు ఆలస్యంగా తెలిసింది. పిల్లల్ని గ్రౌండ్‌కి తీసుకెళ్ళేది నేను, తీసుకొచ్చేది నేను. కాబట్టి ఆటల పనిలో సగానికి పైగా నేనే చేస్తున్నానని మహా ధీమా. ఒకరోజు మా ఆవిడ ఒకే ఒక్క ప్రశ్న వేసింది: "వాడి బూట్ల సైజెంత?" చెప్పలేకపోయాను. రిజిస్ట్రేషన్ ఆఖరి తేదీ, మెడికల్ ఫామ్, ఈ వారం ఏ రంగు జెర్సీ, ఎవరి పుట్టినరోజు ఏ మ్యాచ్‌తో కలిసింది, జట్టు గ్రూపులో రాత్రి పదకొండుకి మారిన టైమింగ్, ఇవన్నీ ఆవిడ తలలో ఉన్నాయి. నేను డ్రైవర్‌ని, అంతే. డ్రైవింగ్ పంచుకుని పని పంచుకున్నామనుకోవడం మగవాళ్ళం ఎక్కువగా చేసే పొరపాటు. నేనూ మినహాయింపు కాదు.

అప్పుడు మేం చేసిన మార్పు ఇది, ఇన్నేళ్ళలో మాకు అన్నిటికంటే పనికొచ్చింది కూడా ఇదే. పనుల్ని పంచుకోవడం మానేసి ఆటల్నే పంచుకున్నాం. ఫుట్‌బాల్ పూర్తిగా నాది: ఫీజు, ఫామ్‌లు, బూట్లు, కోచ్‌తో మాటలు, గ్రూపు మెసేజ్‌లు, అన్నీ. ఆ గ్రూపులోంచి మా ఆవిడ బయటికొచ్చేసింది. అమ్మాయి ఆట ఆవిడది, ఆ గ్రూపులోంచి నేను బయటికొచ్చేశాను. ఒకరికి కుదరని రోజు రెండోవాళ్ళు వెళ్తారు, కానీ అడగాల్సింది, అన్నీ రాసి చేతికివ్వాల్సింది ఆ ఆట ఎవరిదో వాళ్ళే. మొదటి రెండు నెలలు నేను తప్పులు చేశాను. ఒక వారం మ్యాచ్ టైమ్ మారిన మెసేజ్ చూడక గంట ముందే వెళ్ళి ఖాళీ గ్రౌండ్‌లో నిలబడ్డాం. మా ఆవిడ ఏమీ అనలేదు. అనకుండా ఉండటానికి ఆవిడ ఎంత కష్టపడిందో మొహం చూస్తేనే తెలిసింది. మీ ఇంట్లో ఈ పద్ధతి పెడితే మీక్కూడా కష్టమైన భాగం అదే. అప్పగించాక వెనకనుంచి సరిదిద్దకూడదు.

సీజన్ మొదలయ్యే ముందు, ఫీజు కట్టే ముందు, ఒక సాయంత్రం కూర్చోండి. వారం వారం శుక్రవారం రాత్రి తేల్చుకునేవాటిని మూడు నెలలకి ఒకేసారి తేల్చుకోవచ్చు. ఒక పెద్ద కాగితం మీద వారాలు గీసి, ముందుగా తెలిసినవి రాయండి: టోర్నమెంట్లు, పరీక్షలు, మీ రిలీజ్ తేదీలు, బంధువుల పెళ్ళిళ్ళు. ఫోన్‌లో షేర్డ్ క్యాలెండర్ కూడా పెట్టుకోండి, కానీ గోడమీద కాగితం ఎనిమిదేళ్ళవాడికి కూడా కనిపిస్తుంది. ఆ కాగితంలో ప్రతి వారం ఒక పూట కొట్టేసి ఖాళీగా ఉంచండి. మాకు ఆదివారం మధ్యాహ్నం దాకా ఏమీ ఉండేది కాదు. ఆ పూట ఎక్కడికో వెళ్ళాలని లేదు, గొప్పగా ఏదో చేయాలనీ లేదు. ఆలస్యంగా లేవడం, ఉతికిన బట్టలు నలుగురం కూర్చుని మడతపెట్టడం, ఎవరి సాక్స్ ఎవరివో గొడవపడటం. ఇప్పుడు మా పిల్లలు చిన్నతనం గురించి చెప్పుకునేటప్పుడు ఆ గొడవలే ఎక్కువ వస్తాయి. ఏ ట్రోఫీ ఏ ఏడాదిదో వాళ్ళకే గుర్తులేదు.

కోచ్‌ని కూడా ఫీజు కట్టే ముందే కొన్ని అడగాలి. ఊరు దాటి వెళ్ళే మ్యాచ్‌లు ఎన్ని? షెడ్యూల్ ఎన్ని రోజుల ముందు ఇస్తారు? ఒక ప్రాక్టీస్ తప్పితే పిల్లని ఆడనిస్తారా? ఏడాదిలో విరామం ఎప్పుడు? వీటికి విసుక్కునే కోచ్ అయితే సీజన్ మధ్యలో ఇంకా విసుక్కుంటాడు. మేనేజర్‌గా నా అనుభవం ఏమిటంటే, ముందే "ఈ మూడు శనివారాలు రాలేం" అని రాసిచ్చిన తల్లిదండ్రుల మీద ఎవరికీ కోపం రాదు. ఉదయం ఆరింటికి "ఈరోజు కుదరదండీ" అని మెసేజ్ పెట్టేవాళ్ళ వల్లే జట్టు ఇబ్బంది పడేది.

విరామం మాట ఎందుకన్నానంటే, చాలామంది కోచ్‌లు, వాళ్ళకంటే ఎక్కువగా తల్లిదండ్రులు, ఒక్క వారం మానేస్తే పిల్లలు వెనకబడిపోతారని భయపడతారు. పిల్లల డాక్టర్ల మాట వేరుగా ఉంది. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2016లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఏ ఒక్క ఆటకైనా వారంలో కనీసం ఒకటి రెండు రోజులు, ఏడాదిలో నెల చొప్పున మొత్తం మూడు నెలలు సెలవు ఉండాలి. ఒకే ఆటకి అంకితమవడం 15, 16 ఏళ్ళదాకా వాయిదా వేస్తే మంచిదని కూడా అందులోనే ఉంది. స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్లు చెప్పే ఇంకో గీటురాయి ఉంది: పిల్లవాడి వయసెంతో వారానికి అన్ని గంటలకి మించి ప్రాక్టీస్ ఉండకూడదు. అంటే మీ పాపకి వారానికి 11 గంటలు, బాబుకి 8. రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్ళు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, నిజమే. కానీ అందులో వీధిలో పరుగులు, సైకిల్, మెట్లెక్కడం అన్నీ లెక్కే. జెర్సీ వేసుకున్నప్పుడే కదలాలని ఏమీ లేదు. ఇక నిద్ర. 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటలు కావాలి. తెల్లవారుజామున ఐదింటి స్విమ్మింగ్ ప్రాక్టీస్ ఉంటే రాత్రి ఎనిమిదికి పడుకోవాలి. మీ ఇంట్లో అది అవుతోందా?

మావాడికి పదకొండో ఏట మడమ నొప్పి వచ్చింది. బూట్లు బాలేవని రెండు జతలు మార్చాం. చివరికి డాక్టరు చెప్పింది ఏమిటంటే, ఎదిగే వయసులో మడమ ఎముకలో ఇంకా గట్టిపడని భాగం ఉంటుంది, పిక్క కండరం దాన్ని పదే పదే లాగడం వల్ల ఆ నొప్పి. మందు పెద్దగా లేదు, ఆట తగ్గించడమే అన్నారు. ఆరు వారాలు మ్యాచ్‌ల్లేవు. వాడికంటే నేనే ఎక్కువ బెంగపెట్టుకున్నాను. తిరిగి వెళ్ళాక రెండు మ్యాచ్‌ల్లోనే వాడి ఆట వాడికొచ్చేసింది. మూడు నెలల విరామం మాట నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు, వాడి మడమ చెప్పింది.

నార్వే సంగతి తలుచుకుంటే నాకు భలే ముచ్చటేస్తుంది. అక్కడ పిల్లల ఆటలకి 1987 నుంచి జాతీయ స్థాయిలో నియమాలున్నాయి, 2007లో వాటిని సవరించారు. పిల్లలకి 11 వచ్చేదాకా పాయింట్ల పట్టికలు, ర్యాంకులు పెట్టరు. 13 వచ్చేదాకా జాతీయ చాంపియన్‌షిప్‌లు ఉండవు. ఏ ఆట ఎంత ఆడాలో చెప్పే హక్కు పిల్లలకుంది. మరి అలా పెంచితే గెలుస్తారా అంటే, 2018 శీతాకాల ఒలింపిక్స్‌లో 39 పతకాలతో అందరికంటే పైన నిలిచింది ఆ చిన్న దేశమే. గెలుపుకి కారణం ఈ నియమాలొక్కటే అని నేననను, మంచు కూడా వాళ్ళదే. కానీ ఎనిమిదేళ్ళవాడు ఒక ఆదివారం మ్యాచ్ మానేస్తే కొంపేమీ మునగదని నమ్మడానికి నాకు ఆ ఉదాహరణ చాలు.

ఆఫీసు విషయానికొస్తే, మీరు "పాపకి మ్యాచ్ ఉంది, కాస్త..." అని నసుగుతూ అడుగుతున్నారని మీ మాటల్లో తెలుస్తోంది. నేనూ ఏళ్ళ తరబడి అలాగే అడిగాను. కారణం చెప్తే అవతలివాళ్ళు ఆ కారణాన్ని తూకం వేస్తారు. సమయం చెప్తే దాని చుట్టూ పని సర్దుకుంటారు. కొన్నాళ్ళకి నేను రాయడం మొదలుపెట్టింది ఇలా: "శనివారం 8 నుంచి 12 వరకు అందుబాటులో ఉండను. 12:30కి మెసేజ్‌లు చూస్తాను. ఈలోపు సిస్టమ్ ఆగిపోతే మెసేజ్ పెట్టకండి, కాల్ చేయండి." అది బుధవారమే పంపేవాణ్ణి. ఆఖరి వాక్యం ముఖ్యం. మెసేజ్ టైప్ చేయడం తేలిక కాబట్టి ప్రతి చిన్నదానికీ పెడతారు. కాల్ చేయాలంటే ఒక్క క్షణం ఆలోచిస్తారు, ఆ క్షణంలోనే చాలా అత్యవసరాలు సోమవారానికి వెళ్ళిపోతాయి. ఫోన్ మోగితేనే తీసేవాణ్ణి, మిగతా సమయమంతా అది కిట్ బ్యాగ్ అడుగున ఉండేది. ఇంకొకటి, పిల్లలు లేని సహోద్యోగుల మీదకి మన శనివారాలు నెట్టకండి. వాళ్ళకీ అమ్మానాన్నలుంటారు, నిద్ర ఉంటుంది. ఒక శనివారం తీసుకుంటే వాళ్ళు కోరిన రోజు ఒకటి తిరిగివ్వాలి, అదీ వాళ్ళు అడగకముందే.

షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళకి ఈ మాటలు కొంత వేళాకోళంగా అనిపిస్తాయని తెలుసు. వాళ్ళకి నేను చెప్పగలిగింది ఇంకో రెండు కుటుంబాలతో జట్టుకట్టమని. మూడు ఇళ్ళు, మూడు వారాలకోసారి వంతు. కారులో ఎంతమందికి సీటు బెల్టులుంటే అంతమందే, ఎవరు ఎక్కించుకున్నారో ఎవరు దింపారో మెసేజ్, పిల్లలు ఒంటరిగా ఒక్క పెద్దమనిషితో మిగిలిపోకుండా చూసుకోవడం, ఈ మూడూ మొదటిరోజే మాట్లాడుకోవాలి. మొహమాటపడితే తర్వాత ఎవరూ అడగలేరు. షిఫ్టులవాళ్ళే కాదు, మీకూ ఇది పనికొస్తుంది.

ఆడని పిల్లల్ని మాత్రం మర్చిపోకండి. మీ పిల్లలిద్దరూ ఆడతారు కాబట్టి ఒకరి పోటీ రోజు రెండోవాళ్ళు ప్రేక్షకులు. మా అమ్మాయి ఆటలు మొదలుపెట్టకముందు రెండేళ్ళు వాళ్ళన్నయ్య మ్యాచ్‌లకి వచ్చి, గ్రౌండ్ మెట్ల మీద కూర్చుని హోంవర్క్ చేసుకునేది. ఆ ఏడాది నోటుపుస్తకాల్లో సగం పేజీలకి ఎర్రమట్టి వేలిముద్రలు. టీచర్ అడిగితే "మా అన్నయ్య ఆడతాడు" అందట, అదే తన పని అన్నట్టు. ఆ మాట విన్నాక నెలకి ఒక శనివారం తనది చేశాం. ఆ రోజు అన్నయ్య మ్యాచ్‌కి మాలో ఒక్కరే, రెండోవాళ్ళు పూర్తిగా తనతో.

మాన్పించాలా అని అడిగారు కదా. సీజన్ మధ్యలో వద్దు, జట్టుకి మాటిచ్చారు, అది పిల్లలకీ తెలియాలి. సీజన్ అయ్యాక ఒక నెల ఏమీ చేర్పించకండి. మళ్ళీ ఎప్పుడు మొదలవుతుందని వాళ్ళే అడుగుతారేమో చూడండి. అడిగితే సరే. ప్రతి శనివారం ఉదయం కడుపునొప్పి వచ్చి మధ్యాహ్నానికి పోయే పిల్ల అయితే, అదీ ఒక జవాబే. ఓడిపోయిన సాయంత్రం మాత్రం ఈ విషయం ఎత్తకండి. అసలు ఓడినా గెలిచినా కారులో ఆట గురించి మీరు మొదలుపెట్టకండి, వాళ్ళు మొదలుపెడితే వినండి. "ఆకలేస్తోందా?" అని అడిగితే చాలు.

ఇక వచ్చే నెల శనివారం. రిలీజ్ మీ చేతిలో లేదు, టోర్నమెంట్ కూడా లేదు. కాబట్టి ఈ వారంలోనే పాపతో కూర్చుని, "శనివారం నేను రాలేను, ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఫోన్ లేకుండా ఉంటాను" అని చెప్పండి. మొహం ముడుచుకుంటే ముడుచుకోనివ్వండి, వెంటనే ఏదో కొనిపెడతానని సర్దిచెప్పకండి. శనివారం మీవారు వెళ్తారా, తోటి పిల్లల అమ్మానాన్నలతో పంపిస్తారా, అది ఇప్పుడే తేల్చండి. బాబుకి కూడా ఆ రోజు మ్యాచ్ ఉంటే మానేయొచ్చు, వాడికి ఎనిమిదేళ్ళే. రాత్రి ఇంటికొచ్చాక ఏ ఈవెంట్ ఎలా జరిగిందో పాపనే చెప్పనివ్వండి. చూడలేదు కాబట్టి ఈసారి మీరు నిజంగా వింటారు.

శుక్రవారం రాత్రి బ్యాగ్ మీరు సర్దకండి. పదకొండేళ్ళంటే తన గాగుల్స్, క్యాప్, టవల్ తను చూసుకునే వయసే. ఒకసారి ఏదో మర్చిపోతుంది, పక్కపిల్లని అడిగి తెచ్చుకుంటుంది. మావాడు ఒకసారి సాక్స్ లేకుండా వెళ్ళి గోల్‌కీపర్ దగ్గర ఒక జత అప్పు తెచ్చుకున్నాడు. అవి ఇప్పటికీ మా బీరువాలోనే ఉన్నాయి.